గడువు తీరిన డొమైన్ పేర్లు – న్యాయమైన విధానం

ఈనాడు ప్రతి కళాశాలకు, ప్రతి దుకాణానికి, ప్రతి పత్రికకు రెండు చిరునామాలు ఉంటున్నవి. ఒకటి వీధిలో ఉన్నది. రెండవది ఇంటర్నెట్‌లో ఉన్నది. వీధిలోని చిరునామా పోవలెనంటే భవనమైనా కూలాలి, యజమాని అయినా ఖాళీ చేయించాలి. ఆ రెండింటికీ వ్యవధి పడుతుంది, నలుగురికీ తెలుస్తుంది. ఇంటర్నెట్‌లోని చిరునామా అట్లు కాదు. సాలుకు వెయ్యో, రెండు వేలో రూపాయల రుసుము ఒక్క మారు చెల్లించకపోతే అది చడీ చప్పుడూ లేకుండా చేయి దాటిపోగలదు. దాటిపోయిన పేరు ఎవరికి చెందాలి, ఎన్నాళ్లకు చెందాలి, ఏ పద్ధతిన చెందాలి అనునది పైకి చిన్న ప్రశ్నగా కనిపించినా, గత ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతటా వాదోపవాదాలకు తావిచ్చిన ప్రశ్న. దానిని గూర్చి మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరింపదలచినాము.

ముందుగా డొమైన్ పేరు అనగా ఏమిటో చూద్దాం. ఇంటర్నెట్‌లో కలిసి ఉన్న ప్రతి సర్వర్‌కు ఒక అంకెల చిరునామా ఉంటుంది. యంత్రానికి అంకెలు చాలును, మనిషికి చాలవు. అందుచేత 1983లో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు మాటలను అంకెలుగా మార్చి చెప్పే ఒక వ్యవస్థను రూపొందించినాడు. మనం ఒక పేరు టైపు చేయగానే ఆ వ్యవస్థ ఆ పేరు ఏ యంత్రానికి చెందినదో వెదకి చెబుతుంది. డాట్ కామ్ చివర గల పేర్లలో మొట్టమొదటిది 1985 మార్చి 15న సింబాలిక్స్ అను కంప్యూటర్ల సంస్థ నమోదు చేసుకున్నది. ఆ రోజులలో పేరుకు రుసుము లేదు. రుసుము లేనప్పుడు గడువు లేదు, గడువు లేనప్పుడు గడువు తీరడమూ లేదు. 1995లో అమెరికాలోని నెట్‌వర్క్ సొల్యూషన్స్ అను సంస్థ రెండేళ్లకు 100 డాలర్ల చొప్పున వసూలు చేయడం మొదలుపెట్టినది. మన సమస్య పుట్టినది ఆనాడే.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. డొమైన్ పేరును ‘కొన్నాము’ అని అందరూ అంటారు గాని, నిజానికి దానిని ఎవరూ కొనలేరు. డాట్ కామ్ వంటి పేర్లను ఒక్కసారిగా పదేళ్లకు మించి తీసుకొనుటకు వీలు లేదు. అది కౌలు వంటిది, స్వంత భూమి కాదు. కౌలు పత్రం వ్రాసే వ్యవస్థను అర్థం చేసుకొనుటకు మన స్టాంపు కాగితాల పద్ధతిని తలచుకుంటే చాలు. స్టాంపు కాగితం ఖజానా నుండి వస్తుంది. మనం మాత్రం లైసెన్సు గల వెండరు వద్ద తీసుకుంటాము. అట్లే ఒక్కొక్క చివరిపేరుకు చెందిన మొత్తం జాబితాను భద్రపరచే సంస్థను రిజిస్ట్రీ అంటారు. డాట్ కామ్‌కు వెరిసైన్ అను కంపెనీ రిజిస్ట్రీ. మనకు పేరును ఇచ్చి డబ్బు తీసుకొనే వెండరును రిజిస్ట్రార్ అంటారు. వీరందరిపై నియమాలు విధించేది 1998లో ఏర్పడిన ఐకాన్ అను లాభాపేక్ష లేని సంస్థ. అయితే డాట్ ఇన్, డాట్ యూకే వంటి దేశాల చివరిపేర్లకు ఐకాన్ నియమాలు యథాతథంగా వర్తించవు. ఆయా దేశాల రిజిస్ట్రీలు తమ నియమాలు తామే వ్రాసుకుంటాయి.

ఇక గడువు తీరిన నాడు ఏమి జరుగునో చూద్దాం. ఇది కొంచెం చిక్కు వ్యవహారం. చిక్కు విప్పకపోతే అన్యాయం ఎక్కడ ఉన్నదో కనిపించదు. డాట్ కామ్ పేరు గడువు తీరిన క్షణాన రిజిస్ట్రీ దానిని తొలగించదు. పైగా, తనంతట తానే మరొక ఏడాదికి పొడిగించి ఆ రుసుమును రిజిస్ట్రార్ ఖాతాలో వ్రాసుకుంటుంది. పేరుదారు డబ్బు కట్టనిచో, రిజిస్ట్రార్ 45 రోజులలోగా ఆ పేరును తొలగించి తన డబ్బు తాను వెనక్కు పొందవచ్చు. ఈ పొడిగింపు కారణంగా, గడువు తీరిన పేరును రిజిస్ట్రీ జాబితాలో చూచినవారికి ఇంకా ఒక ఏడాది మిగిలి ఉన్నట్లే కనిపిస్తుంది. అది చూచి నిశ్చింతగా కూర్చుండి పేరు పోగొట్టుకొనే ప్రమాదం లేకపోలేదు. రిజిస్ట్రార్ పేరును తొలగించిన పిమ్మట 30 రోజులు విడిపించుకొను గడువు ఉంటుంది. తాకట్టు వస్తువు వలె, అదనపు రుసుము చెల్లించి పాత పేరుదారు మాత్రమే దానిని తిరిగి తీసుకొనవచ్చు. ఆ రుసుము మామూలు రుసుముకు పలు రెట్లు ఉండడం కద్దు. ఆ 30 రోజులూ గడిస్తే మరి 5 రోజులు ఎవరికీ అందకుండా ఉండి, ఆ తరువాత ఆ పేరు ప్రపంచంలో ఎవరు ముందు అడిగితే వారిది అవుతుంది. అన్నీ కలుపుకొంటే 80 రోజులు. ఈ లెక్క కాగితం మీద ఉదారంగానే ఉన్నది.

ఇన్ని రోజుల వ్యవధి ఉండగా పేరు పోగొట్టుకొనేవారు సోమరులు కదా అని కొందరు అనవచ్చును. కాని పేర్లు పోగొట్టుకున్నవారి పట్టికను చూస్తే సోమరితనం ఒక్కటే కారణమని చెప్పలేము. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ అను పేరుకు రుసుము కట్టడం మరచినది. ఆ పేరు మీదుగానే హాట్‌మెయిల్ వాడుకదారుల గుర్తింపు జరిగేది కావున అసంఖ్యాకులకు తమ ఉత్తరాలు అందలేదు. క్రిస్మస్ పండుగ వేళ ఎవరో ఒక ప్రోగ్రామరు కారణం కనిపెట్టి, తన జేబులోని 35 డాలర్లు కట్టి ఆ పేరును నిలబెట్టినాడు. 2004 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక తన సిబ్బంది ఈమెయిల్‌కు వాడే పేరుకు రుసుము కట్టక, కొన్ని గంటల పాటు ఉత్తరాలు లేకుండా ఉన్నది. ఈ రెండూ నవ్వుకొని మరచిపోదగిన సంగతులే.

నవ్వుకొనుటకు వీలు లేనిది మరొకటి ఉన్నది. అమెరికాలో వినికిడి లేనివారు తెర మీద సంజ్ఞల ద్వారా ఫోను చేసుకొనుటకు సోరెన్సన్ అను సంస్థ సేవలందిస్తుంది. 2016 జూన్‌లో ఆ సంస్థ ఒక డొమైన్ పేరుకు సకాలంలో రుసుము కట్టకపోవడం చేత ఆ సేవ నిలిచిపోయినది. వినికిడి లేనివారు అత్యవసర సమయాలలో 911 నంబరును ఆ మార్గాన పిలువలేకపోయిరి. ఇల్లు తగలబడుతున్నా, గుండెనొప్పి వచ్చినా చెప్పుకొనే దారి మూసుకుపోయినది. 2017లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ 2,52,000 డాలర్ల జరిమానా కట్టడమే కాక, 27 లక్షల డాలర్లు నిధికి తిరిగి ఇచ్చినది. కొద్ది డాలర్ల రుసుము మరచినందుకు పడిన మూల్యమిది. దీనిని బట్టి గడువు తీరడం అనునది పేరుదారుకు, రిజిస్ట్రార్‌కు మధ్య గల లావాదేవీ మాత్రమే కాదని స్పష్టమగుచున్నది. ఆ పేరును నమ్ముకొన్న మూడవ మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. అతనికి నోటీసు ఎవరూ పంపరు.

పెద్ద సంస్థల మాట అట్లుంచి చిన్న సంస్థల సంగతి ఆలోచిద్దాం. ఒక కళాశాలలోనో, గ్రంథాలయంలోనో వెబ్‌సైటు ఎట్లు పుడుతుంది? ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి ముందుకు వస్తాడు. పేరును తన స్వంత ఈమెయిల్‌తో, తన కార్డుతో నమోదు చేస్తాడు. కమిటీ అతనిని అభినందించి ఆ డబ్బు ఇప్పిస్తుంది. మూడేళ్లకు అతడు చదువు ముగించి బెంగుళూరుకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోతాడు. నోటీసులు అతని పాత ఈమెయిల్‌కు వస్తూనే ఉంటాయి. అతడు ఆ పెట్టె తెరిచి చాలా కాలమైనది. రిజిస్ట్రార్ తన ధర్మం తాను నెరవేర్చినట్లే. కళాశాల మాత్రం ఒక ఉదయాన తన పేరు మీద జూదపు ప్రకటనలు చూస్తుంది.

జూదపు ప్రకటనలే ఎందుకు, అని అడుగవచ్చు. పాత పేరుకు విలువ ఉన్నది గనుక. పదేళ్లు నడచిన వెబ్‌సైటుకు ఇతర వెబ్‌సైట్ల నుండి ఎన్నో దారులు ఏర్పడి ఉంటాయి. విశ్వవిద్యాలయం, పత్రికలు, ప్రభుత్వ శాఖలు దానిని పేర్కొని ఉంటాయి. వెదుకుడు యంత్రాలు దానిని పెద్దమనిషిగా గుర్తించి ఉంటాయి. క్రొత్తవాడు ఆ పేరును తీసుకుంటే పరువు కూడా ఉచితంగా వస్తుంది. అంతకంటె ప్రమాదకరమైనది ఈమెయిల్. పేరు ఎవరిదైతే ఆ పేరుకు వచ్చే ఉత్తరాలు వారివే. 2018లో ఆస్ట్రేలియాలో ఒక భద్రతా పరిశోధకుడు, న్యాయవాద సంస్థలు విడిచిపెట్టిన కొన్ని పేర్లను తీసుకొని ఉత్తరాల పెట్టె తెరచి ఊరక కూర్చున్నాడు. కక్షిదారుల రహస్య పత్రాలు వాటంతట అవే వచ్చి పడినవి. పాస్‌వర్డ్ మరచితిని అని ఒక్క మాట చెబితే క్రొత్త పాస్‌వర్డ్ కూడా ఆ పెట్టెకే వస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు. 2024లో వాచ్‌టవర్ ల్యాబ్స్ అను సంస్థవారు, డాట్ మోబీ రిజిస్ట్రీ పూర్వం వాడి విడిచిన ఒక పేరును 20 డాలర్లకు తీసుకొనగా, కొద్ది దినాలలోనే 1,35,000కు పైగా యంత్రాలు ఇంకా ఆ పాత చిరునామానే నమ్మి వచ్చి పలకరించినవి. పేర్లను కాపాడవలసిన వ్యవస్థలోని వారే పేరు వదలివేయడం విచిత్రం కాదా!

ఇప్పుడు న్యాయం మాటకు వద్దాం. 1990ల చివరిలో నియమమంటూ లేదు. గడువు తీరిన పేరును ఒక రిజిస్ట్రార్ మరునాడే తొలగించేవాడు, మరొకడు నెలల తరబడి తన వద్దనే అట్టిపెట్టుకొనేవాడు. ఈ గందరగోళం మీద ఫిర్యాదులు పెరిగిన పిమ్మట పైన చెప్పిన 30 రోజుల విడిపించుకొను గడువు అమలులోకి వచ్చినది. 2004లో తొలగింపుల మీద మరొక విధానం వచ్చినది. అందులో ఒక మంచి నియమం ఉన్నది: పేరు మీద వ్యాజ్యం నడుస్తుండగా గడువు తీరితే, ఫిర్యాదు చేసినవాడు కూడా రుసుము కట్టి ఆ పేరును నిలుపవచ్చు. వ్యాజ్యం తేలకముందే వస్తువు మాయం కాకూడదని దాని తాత్పర్యం.

అన్నింటికంటె ముఖ్యమైనది 2013 ఆగస్టు 31 నుండి అమలులోకి వచ్చిన పునరుద్ధరణ విధానం. దాని ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు ఇంచుమించు ఒక నెల ముందు ఒక నోటీసు, ఒక వారం ముందు ఒక నోటీసు, గడువు తీరిన 5 రోజులలోగా మరొక నోటీసు పంపవలెను. తన వెబ్‌సైటులో ఎక్కడో ఒక మూల అంటించి ఊరుకొంటే చాలదు. పేరుదారు ప్రయత్నం లేకుండానే నోటీసు అతనికి చేరాలి. పునరుద్ధరణకు ఎంత, విడిపించుకొనుటకు ఎంత అన్నది ముందుగా అందరికీ కనబడేటట్లు ప్రకటించాలి. మరొక నియమం మాకు ఎంతో నచ్చినది. పేరును తిరిగి తీసుకొనుటకు అవకాశం ఉన్న కాలంలో చివరి 8 రోజులు వరుసగా వెబ్‌సైటును, ఈమెయిల్‌ను పనిచేయనీయకుండా ఆపివేయాలి. ఇది శిక్షగా కనిపిస్తుంది గాని, నిజానికి ఇదే అసలైన నోటీసు. ఉత్తరం చదవనివాడు కూడా దీపం ఆరితే లేచి చూస్తాడు.

అయినను లోపాలు మిగిలే ఉన్నవి. నోటీసు ఏ భాషలో ఉండాలన్న దానికి, ఒప్పందం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనైనా ఉండాలని మాత్రమే నియమం. మన దేశంలో ఆ ఒప్పందం సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఉర్దూ మాత్రమే చదివే ఒక పత్రిక సంపాదకునికి, తెలుగు మాత్రమే చదివే ఒక చేనేత సంఘం కార్యదర్శికి ఆ నోటీసు, ప్రతిరోజూ వచ్చే పనికిరాని ప్రకటనలలో ఒకటిగానే కనిపిస్తుంది. పైగా అట్టి నోటీసులను అనుకరించి డబ్బు గుంజే మోసగాళ్లు ఉన్నారు గనుక, జాగ్రత్తపరుడే దానిని ముందుగా చెత్తబుట్టలో వేస్తాడు.

అంతకంటె పెద్ద లోపం వేలంలో ఉన్నది. విడిపించుకొను 30 రోజుల గడువు, రిజిస్ట్రార్ పేరును *తొలగించినప్పుడు* మాత్రమే మొదలవుతుంది. తొలగించకుండా, మొదటి 45 రోజులలోనే ఆ పేరును వేలం వేసి గెలిచినవానికి నేరుగా బదిలీ చేస్తే ఆ గడువు అసలు రానే రాదు. మంచి పేర్లలో అనేకం ఈ దారినే పోతున్నవి. ఒప్పందంలోని చిన్న అక్షరాలలో దీనికి పేరుదారు ముందుగానే అంగీకరించి ఉంటాడు. పాత పేరుదారు ఎన్నాళ్ల వరకు తిరిగి అడుగవచ్చునో ఆ ఒప్పందమే చెబుతుంది. ఒక్కొక్క రిజిస్ట్రార్‌ది ఒక్కొక్క లెక్క.

మన ఊళ్లలో బంగారం తాకట్టు పెట్టుకొనే సంస్థల సంగతి అందరూ ఎరుగుదురు. అప్పు తీర్చనిచో నగను వేలం వేస్తారు. కాని వేలానికి ముందు నోటీసు ఇస్తారు, పత్రికలో ప్రకటిస్తారు. వేలంలో వచ్చిన సొమ్ములో అప్పు, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలినది అప్పు తీసుకున్నవానికి తిరిగి ఇవ్వవలెనని నియమం. డొమైన్ పేరు విషయంలో బాకీ కేవలం ఒక సంవత్సరపు రుసుము. వేలంలో ఆ పేరు వేల డాలర్లు పలికినా, మిగులు సొమ్మును పాత పేరుదారుకు ఇవ్వవలెనని ఐకాన్ నియమాలలో ఎక్కడా లేదు. ఆ విలువ పుట్టినది ఎవరి శ్రమ వలన? పదేళ్లు ఆ వెబ్‌సైటు నడిపినవాని శ్రమ వలన. పేరు స్వంత ఆస్తి కాదు, కౌలు మాత్రమే అన్న వాదం ఇక్కడ వినిపిస్తుంది. సరే, కౌలుదారు వేసిన చెట్ల సంగతి ఏమిటి?

ఇందులో మరొక చిక్కు ఉన్నది. నోటీసు పంపవలసినవాడు, పేరు పోతే వేలం వేసి లాభం పొందేవాడు ఒక్కడే. కావలివాడే పాటగాడైనప్పుడు కావలి ఎంత శ్రద్ధగా జరుగునో ఊహించవచ్చు. రిజిస్ట్రార్లందరూ మోసగాళ్లని మా అభిప్రాయం కాదు. చాలామంది నియమం చెప్పిన దానికంటె ఎక్కువ నోటీసులే పంపుతారు. కాని మనిషి మంచితనం మీద ఆధారపడే విధానాన్ని విధానమనలేము. 2009లో స్నాప్‌నేమ్స్ అను వేలం సంస్థ, తన ఉద్యోగి ఒకడు మారుపేరుతో 2005 నుండి తమ వేలాలలోనే పాల్గొని ధరలు పెంచినట్లు తానే బయటపెట్టి, నష్టపోయినవారికి సొమ్ము తిరిగి ఇస్తామని ప్రకటించవలసి వచ్చినది.

ఇక ఎవరూ విడిపించుకొనని పేరు చివరకు బహిరంగంలోకి వచ్చినప్పుడు ఎవరికి దక్కుతుంది? ముందు వచ్చినవానికి ముందు అన్న సూత్రం వినుటకు సమంజసంగా ఉన్నది. రేషను దుకాణం ముందు క్యూ కూడా అంతే కదా అనిపిస్తుంది. కాని ఈ క్యూలో మనుషులు నిలబడరు. పేరు విడుదలయ్యే ఘడియకు ఒక క్షణంలో వందలాది మార్లు అడిగే యంత్రాలు నిలబడతాయి. ఒక్కొక్క రిజిస్ట్రార్‌కు ఇన్ని మార్లు మాత్రమే అడుగవచ్చునని పరిమితి పెట్టగా, ఈ వ్యాపారంలోని వారు ఒకే యాజమాన్యం క్రింద వందల కొద్దీ రిజిస్ట్రార్ లైసెన్సులు తీసుకున్నారు. క్యూలో ఒకే మనిషి వంద సంచులు వరుసగా పెట్టి చెట్టు నీడన కూర్చున్నట్లున్నది. పేరు పోగొట్టుకున్న సామాన్యుడు తెల్లవారి లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటే అతనికి దక్కే ఆశ దాదాపు శూన్యం.

ఒక దశలో ఇంతకంటె విడ్డూరం కూడా జరిగినది. క్రొత్తగా తీసుకున్న పేరును 5 రోజులలో వాపసు చేస్తే రుసుము పూర్తిగా తిరిగి ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉండేది. అక్షర దోషం జరిగితే దిద్దుకొనుటకు ఉద్దేశించిన దయ అది. దానిని అడ్డం పెట్టుకొని కొందరు లక్షల సంఖ్యలో పేర్లు తీసుకొని, ప్రకటనల వలన ఏది డబ్బు తెస్తుందో 5 రోజులు రుచి చూచి, మిగిలినవి వాపసు చేయసాగిరి. 2009లో పరిమితికి మించిన వాపసులకు రుసుము తిరిగి ఇవ్వరాదని నియమం రాగానే ఈ రుచి చూచే వ్యాపారం దాదాపు అంతరించినది. చిన్న నియమం ఒక్కటి సక్రమంగా వ్రాస్తే ఎంత పని చేయగలదో చెప్పుటకు దీనిని మించిన ఉదాహరణ మాకు దొరకలేదు.

దేశాల రిజిస్ట్రీలు ఈ విషయంలో కొంత స్వతంత్రంగా ఆలోచించినవి. నెదర్లాండ్స్‌లో తొలగించిన పేరును 40 రోజులు ప్రత్యేకంగా విడిగా ఉంచుతారు. ఆ కాలంలో పాత పేరుదారు తప్ప మరెవ్వరూ దానిని ముట్టరాదు. బ్రిటన్‌లో గడువు తీరిన 30 రోజులకు పేరు పనిచేయడం ఆపివేసి, 90 రోజుల తరువాత రద్దు చేస్తారు. కెనడాలో విడుదల కానున్న పేర్ల జాబితాను ముందుగా అందరికీ ప్రకటించి, వారానికి ఒక మారు నిర్ణీత వేళకు విడుదల చేస్తారు. ఎస్తోనియా అను చిన్న దేశం 2019లో మరొక దారి తొక్కినది. విడుదలయ్యే పేర్లకు రిజిస్ట్రీయే వేలం నడుపుతుంది. ఎవరు ఎంత పాడినారో ఇతరులకు తెలియని మూసిన కవరు పద్ధతిని అవలంబించినది. అందులో యంత్రపు వేగానికి విలువ లేదు. సొమ్ము మధ్యవర్తికి కాక, ఆ చివరిపేరును నిర్వహించే సంస్థకు చేరుతుంది.

మాకు ఎస్తోనియా పద్ధతి మెరుగైనదిగా తోచుచున్నది. అయితే వేలం అన్నది ఎప్పటికీ ధనవంతుని పక్షమే అన్న మాట మరువరాదు. ఒక బధిరుల పాఠశాల పేరును జూదపు వ్యాపారి ఎక్కువకు పాడుకొంటే మూసిన కవరు ఏమి చేయగలదు? అందుచేత వేలానికి ముందు కనీసం మూడు నెలల నిశ్శబ్ద కాలం, ఆ కాలంలో వెబ్‌సైటు ఉన్నచోట ‘ఈ పేరు గడువు తీరినది, ఫలానా తేదీన పోనున్నది’ అన్న ప్రకటన, వేలంలో మిగులు సొమ్ములో పాత పేరుదారుకు వాటా – ఈ మూడూ లేనిదే న్యాయమని మేము అనము.

ఎదుటి పక్షం వాదన కూడా వినవలెను. పేర్లు తరగని గని కావు. చిన్నవి, అర్థవంతమైనవి, పలుకుటకు తేలికైనవి ఎప్పుడో అయిపోయినవి. వాడనివాని వద్ద పేరు శాశ్వతంగా ఉండిపోతే క్రొత్తగా వచ్చే విద్యార్థి, క్రొత్తగా పెట్టే దుకాణం ఎక్కడకు పోవాలి? మూతపడిన సంస్థ పేరును ఎన్నాళ్లు తాళం వేసి ఉంచగలరు? ఈ వాదనలో నిజం ఉన్నది. గడువు అన్నది ఉండవలసిందే. తిరిగి పంచడమూ జరగవలసిందే. మా అభ్యంతరం పంచడం మీద కాదు, పంచే తొందర మీద.

పోయిన పేరును న్యాయస్థానం ద్వారా తిరిగి పొందలేమా అని అడుగుదురు. 1999లో ఐకాన్ ఏర్పరచిన వివాద పరిష్కార విధానం ఉన్నది. డాట్ ఇన్ పేర్లకు మన దేశపు విధానం వేరుగా ఉన్నది. 2004లో సత్యం ఇన్ఫోవే వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లక్షణాలు ఉన్నవని, ఒకరి పేరును మరొకరు తమదిగా చలామణి చేయరాదని తీర్పు చెప్పినది. అది గొప్ప తీర్పే. కాని ఐకాన్ విధానంలో గెలువవలెనంటే ఫిర్యాదుదారుకు ట్రేడ్‌మార్క్ హక్కు ఉండాలి. అవతలివాడు దురుద్దేశంతో తీసుకున్నాడని రుజువు కావాలి. నమోదైన ట్రేడ్‌మార్క్ లేని ఒక కవుల సంఘం, ఒక పూర్వ విద్యార్థుల సంఘం ఆ మెట్లు ఎక్కలేవు. ఫిర్యాదు రుసుమే వాటి ఏడాది బడ్జెటును మించుతుంది.

మన దేశంలో మరొక పరిష్కారం కొంతవరకు అమలులో ఉన్నది. డాట్ ఇన్ పేర్లు 2005లో అందరికీ తెరచినప్పటికీ, ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ అను చివరిపేర్లను విద్యాసంస్థలకే ప్రత్యేకించినారు. వాటిని అర్నెట్ ఇండియా అను సంస్థ మాత్రమే, పత్రాలు పరిశీలించి ఇస్తుంది. ఇట్టి పేరుకు గడువు తీరినా జూదగానికి దక్కే వీలు లేదు. ఎందుకనగా జూదగాడు కళాశాల అనిపించుకొనలేడు. ఇదే ఆలోచనతో 2025లో రిజర్వు బ్యాంకు, బ్యాంకులన్నీ ఆ ఏడాది అక్టోబరు 31 లోగా బ్యాంక్ డాట్ ఇన్ అను చివరిపేరుకు మారవలెనని ఆదేశించినది. ఆ పేర్లను ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అన్న సంగతి మన విద్యార్థులు తెలుసుకొనదగినది. గడువు తీరిన తరువాత న్యాయం వెదకుటకంటె, అనర్హుడు అసలు క్యూలోనే నిలబడకుండా చేయుట తేలిక. అయితే ప్రతి వృత్తికీ, ప్రతి సంఘానికీ ఒక ప్రత్యేకమైన చివరిపేరు పెట్టుట సాధ్యం కాదు. పత్రికలకు పెడితే ఏది పత్రిక అని నిర్ణయించే అధికారం ఎవరికివ్వాలి అన్న క్రొత్త తగవు పుడుతుంది.

మరొక ముచ్చట. 2011లో భారతదేశానికి ఏడు లిపులలో స్వంత చివరిపేర్లు లభించినవి. డాట్ భారత్ అను ఆ పేరు తెలుగు లిపిలోనూ ఉన్నది, ఉర్దూ లిపిలోనూ ఉన్నది. ఒకే దేశం పేరు, ఒక లిపిలో ఎడమ నుండి కుడికి, మరొక లిపిలో కుడి నుండి ఎడమకు నడుస్తుంది. రెండు భాషల ఈ కళాశాలకు అంతకంటె తగిన చిరునామాలు మరి లేవు. కాని రెండు లిపుల పేర్లు అనగా రెండు గడువులు, రెండు రుసుములు అని కమిటీవారు గుర్తుంచుకొనవలెను; ఒకదానికి కట్టితే రెండవదానికి కట్టినట్లు కాదు.

కమిటీ పెద్దలకు మా మనవి కొంత మిగిలి ఉన్నది. కళాశాల పేరు వ్యక్తి పేరున కాక సంస్థ పేరున నమోదు కావలెను. నోటీసులు చేరే ఈమెయిల్ ఆ డొమైన్ పేరు మీదిదే కారాదు. ఎందుకనగా ఆ పేరు ఆగిన నాడు ఆ పెట్టె కూడా ఆగుతుంది. ఆగినదన్న కబురు ఆగిన పెట్టెలోనే చిక్కుకుంటుంది. ప్రిన్సిపాల్ గారి కార్యాలయానికి ఒకటి, కార్యదర్శి గారికి ఒకటి వేరు వేరు చిరునామాలు ఇవ్వాలి. విద్యుత్తు బిల్లు, ఆస్తి పన్ను వ్రాసే రిజిస్టరులోనే ఈ గడువు తేదీ కూడా వ్రాయించాలి. ఆ రిజిస్టరును గుమాస్తా ఎట్లాగూ ప్రతి నెల తెరుస్తాడు. ఏటేటా కట్టే బదులు ఒకేసారి అయిదేళ్లకో, పదేళ్లకో కట్టవచ్చు గాని, అందులోనూ ఒక ప్రమాదం ఉన్నది: పదేళ్లకు కమిటీ మారుతుంది, గుమాస్తా మారతాడు, గుర్తున్నవారు ఎవరూ ఉండరు. మూడేళ్లకు కట్టి ప్రతి ఏడూ ఒక ఏడాది కలుపుతూ పోవడం మాకు తెలిసిన మంచి పద్ధతి.

ఎప్పుడైనా పాత పేరు విడిచి క్రొత్త పేరుకు మారవలసి వస్తే, పాతదానిని వెంటనే వదలరాదు. పూర్వ విద్యార్థుల సర్టిఫికెట్ల విషయమై విదేశాల నుండి విశ్వవిద్యాలయాలు, ఉద్యోగమిచ్చే కంపెనీలు వ్రాసే ఉత్తరాలు పాత చిరునామాకు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. జెడ్డాలో ఉద్యోగం కోసం ఎదురుచూచే మన పూర్వ విద్యార్థి ఒకని పట్టా నిజమా కాదా అన్న ప్రశ్నకు జవాబు, ఆ పేరును కొన్న అపరిచితుడు వ్రాయకుండా ఉండవలెనంటే, ఆ పాత పేరుకు ఇంకొక పదేళ్లు రుసుము కట్టుచుండుట ఒక్కటే మార్గం.